కొలతలు తీసేవాళ్లతో పాటు కెమెరా కూడా పంపండి

సంపాదకులకు,

నమస్కారం. ఈమధ్య మీ సిటీ ఎడిషన్‌లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పాత ఫొటో ఒకటి వేశారు. కింద ‘అలనాటి జ్ఞాపకం’ అని రాసి వదిలేశారు. ఏ సంవత్సరంలో తీశారో, ఎవరు తీశారో, ఎటువైపు నిలబడి తీశారో ఏమీ లేదు. అదే ఫొటో అంతకుముందే నాకు వాట్సాప్‌లో రెండు మూడు గ్రూపుల నుంచి వచ్చింది. ఒకరు నిజాం కాలం అన్నారు, ఇంకొకరు 1975 అన్నారు. ముందు ఆగి ఉన్న ఆటోల తీరు చూస్తే రెండూ కాదనిపించింది నాకు. కాస్త తప్పుపట్టడానికే రాస్తున్నాను గానీ, అసలు సంగతి ఈ ఒక్క ఫొటోతో తీరేది కాదు. కూల్చబోయే ఇళ్లను, వీధులను ముందే పద్ధతిగా ఫొటోలు తీసి దాచాలన్నదే నా మాట.

సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. మనందరికీ గుర్తున్న ఆ కమానుల స్టేషన్ ముఖభాగాన్ని 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. 700 కోట్లకు పైగా ఖర్చుతో కొత్త స్టేషన్ కడుతున్నారు, దానికి 2023 ఏప్రిల్‌లోనే శంకుస్థాపన జరిగింది. అంటే కూల్చబోతున్నారని అందరికీ ముందే తెలుసు. అయినా జేసీబీ వచ్చాకే జనం ఫోన్లు పట్టుకుని పరుగెత్తారు. అప్పుడు దొరికింది దుమ్ము. అంతకుముందు బయటి నుంచి తీసిన ఫొటోలకేం, బోలెడు ఉంటాయి. బంధువులను రైలెక్కించడానికి వెళ్లిన ప్రతివాడూ ఒకటి తీసే ఉంటాడు. మరి లోపల? టికెట్ కౌంటర్ల హాలు పైకప్పు, మెట్ల పక్కన చేతులు రాసుకుని రాసుకుని నునుపెక్కిన రెయిలింగు, రిటైరింగ్ రూముల తలుపులు? మా చిలకలగూడ, పద్మారావునగర్ వైపు రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు వీధికి నలుగురుంటారు. సర్వీసంతా అక్కడే చేసినవాళ్లను కూడా అడిగాను. పదవీ విరమణ సన్మానం ఫొటోలు చూపించారు. అందులో శాలువాలు, దండలు తప్ప గోడ కూడా సరిగ్గా కనిపించదు. రోజూ వెళ్లే చోటును ఎవరు ఫొటో తీస్తారు చెప్పండి.

నా గురించి రెండు ముక్కలు. మునిసిపల్ టౌన్ ప్లానింగ్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను (ఆడవాళ్లకైనా ఆ పోస్టు పేరు అదే). సర్వీసులో సగం రోడ్డు వెడల్పు ఫైళ్లతోనే గడిచింది. ఆ పని ఎలా నడుస్తుందో పాఠకుల్లో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. మాస్టర్ ప్లాన్ ప్రకారం ముందు రోడ్డుకు సెంటర్ లైన్ వేస్తారు. అక్కణ్ణుంచి రెండు వైపులా టేపు పట్టి, ఎంతవరకు పోతుందో గోడల మీద ఎర్ర పెయింటుతో గీత పెడతారు. ఆ గీత ఒక ఇంట్లో అరుగు దగ్గర ఆగుతుంది, పక్కింట్లో వంటగది మధ్యలోంచి పోతుంది. నోటీసులు, అభ్యంతరాలు అయ్యాక అసలు కొలతలు మొదలవుతాయి. ఇంజనీరు, సర్వేయరు, మాలాంటివాళ్లం ఇంట్లోకి వెళ్తాం. ప్లింత్ ఏరియా ఎంత, గోడ మందం ఎంత, డంగుసున్నమా సిమెంటా, కప్పు మద్రాస్ టెర్రసా, గర్డర్ల మీద షాబాద్ బండలా, పెంకులా, రేకులా, తలుపులు టేకా మద్దా, ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది, దానికి తరుగుదల ఎంత, అన్నీ రాస్తాం. నష్టపరిహారం లెక్కకు ఇవన్నీ కావాలి. పంచనామా మీద సాక్షుల సంతకాలు కూడా ఉంటాయి.

చూడండి, ఆ ఇంటి గురించి అంత వివరంగా రాసిన కాగితం లోకంలో మరొకటి ఉండదు. యజమాని దగ్గర కూడా ఉండదు. కానీ ఆ ఫైలు చదివి ఇల్లు ఎలా ఉండేదో మీరు ఊహించలేరు. ఫొటో పెట్టినా అది ఒక్కటే. గుమ్మం ముందు యజమాని బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటాడు, వెనకాల సగం తలుపు. అది మనిషి గుర్తింపుకు పెట్టే ఫొటో. పని పూర్తయ్యాక ఫైలు రికార్డు రూముకు పోతుంది. అక్కడ చెదలకు, వాన నీళ్లకు తట్టుకున్నన్నాళ్లు ఉంటుంది.

నేను అడిగేది ఇంతే. కొలతలు తీసే రోజునే ఇంటికి ఒక పాతిక ఫొటోలు పద్ధతిగా తీయాలి. అవి ఆ ఫైల్లోనే మగ్గిపోకుండా ఒక ప్రతి పౌర గ్రంథాలయానికి చేరాలి. ఈ రెండూ జరిగాయని కాగితం ఉంటేనే కూల్చివేతకు ఆర్డరు ఇవ్వాలి. రోజూ టేపు పట్టుకుని తిరిగే బృందంలో ఒక కెమెరా మనిషి అదనం, అంతే. వందల కోట్ల ప్రాజెక్టులో ఆ ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

అభివృద్ధి వద్దనేవాళ్లలో నన్ను కలపకండి. పాతబస్తీకి మెట్రో మొదటి దశలోనే రావాల్సింది. అఫ్జల్‌గంజ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా బస్సులో వేలాడినవాళ్లకు ఆ బాధ తెలుసు. చార్మినార్‌ను ఫొటో తీసుకోవడానికి ఏడాదికోసారి వెళ్లేవాళ్లు ఆ రోడ్డు వెడల్పు చేయొద్దంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్టకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా ఆ దారి పోతుంది. చార్మినార్ ప్రాంతం మీదుగా పోతున్నా పెద్ద కట్టడాలకు ముప్పు లేకుండా చూస్తామన్నారు. మంచిదే. పోయేవి రోడ్డు పక్క వరసలు. కింద మల్గీలు, అంటే రోడ్డు వైపు కొట్లు, పైన కుటుంబాలు ఉండే రెండంతస్తుల ఇళ్లు.

పెద్దవాటికి కనీసం నోరుంటుంది. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కొత్త అసెంబ్లీ కోసం కూల్చాలని నిర్ణయిస్తే జనం కోర్టుకెక్కారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అన్నిసార్లూ అలా జరగదు. పాత సచివాలయంలో జీ బ్లాకు అనే సైఫాబాద్ ప్యాలెస్, 1888 నాటిది, 2020లో మిగతా బ్లాకులతో పాటే నేలమట్టమైంది. అయినా దానికి పుస్తకాల్లో, పత్రికల్లో బొమ్మలున్నాయి. వారసత్వ కట్టడాల జాబితా అంటూ ఒకటి 1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధన కింద ఉండేది, 2015లో ఆ నిబంధన తీసేశారు, 2017లో కొత్త చట్టం వచ్చింది. ఈ జాబితాల గొడవ లాయర్లకు వదిలేస్తున్నాను. ఏ జాబితాలోనూ ఎప్పుడూ లేనివాటి గురించే నా గోల.

సికింద్రాబాద్‌లో ఇప్పటికీ బస్సు కండక్టరు ‘సంగీత్, సంగీత్’ అని అరుస్తాడు. దిగి చూస్తే సంగీత్ థియేటర్ ఉండదు. ప్యారడైజ్ అంటే ఇప్పటివాళ్లకు బిర్యానీ. అది ఒక సినిమా హాలని, ఆ హాల్లోనే 1953లో చిన్న కేఫ్‌గా ఆ హోటల్ మొదలైందని మా ఇంట్లో పిల్లలకు చెబితే నమ్మలేదు. నమ్మించడానికి చూపించేందుకు నా దగ్గర బొమ్మ లేదు.

పోయిన సంవత్సరం పాతబస్తీ కూల్చివేతల వార్త చదివాక, మా చెల్లెలి మనవణ్ణి వెంటేసుకుని శాలిబండ వైపు వెళ్లడం మొదలుపెట్టాను. వాడు ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. నా దగ్గర సర్వీసు రోజుల నాటి ర్యాంజింగ్ రాడ్ ఉంది, ఎరుపు తెలుపు పట్టీల కర్ర. దాన్ని గోడకు ఆనించి ఫొటో తీస్తే ఆ గోడ ఎత్తు ఎంతో ఎప్పుడైనా లెక్కకట్టొచ్చు. ఆ కర్ర చూడగానే జనానికి టెన్షన్. ఒక మల్గీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన లేచొచ్చాడు.

“ఏంటమ్మా, మళ్లీ కొలతలా? అయిపోయినయి గదా! చెక్కు గూడ వచ్చింది.”

“కొలతలు కాదు భాయ్ సాబ్, ఫొటోలు తీసుకుంటున్నాం. నేను రిటైరైనదాన్ని, ఏ ఆఫీసు తరఫునా రాలేదు.”

“పడగొట్టేదానికి ఫొటో ఎందుకు?”

“పడగొడతారనే.”

ఆయన కాసేపు నన్నూ కర్రనూ మార్చి మార్చి చూసి, “అయితే పైకి రండ్రి. కింద ఏముంది, షట్టరు,” అన్నాడు.

పైకి వెళ్లాక ఆయన వెనక్కి తగ్గి కోడలిని పిలిచాడు. మా మనవడు ముందు గదిలోనే ఆగిపోయాడు. నేను ఆడదాన్ని కాబట్టి లోపలిదాకా వెళ్లనిచ్చారు. ఇది చెప్పడం అవసరం. పాతబస్తీ ఇళ్ల గురించి మనం చూసే ఫొటోలు చాలావరకు మగవాళ్లు తీసినవి, అందుకే అవి దివాన్‌ఖానా దగ్గరే, అంటే బయటివాళ్లను కూర్చోబెట్టే ముందు గది దగ్గరే, ఆగిపోతాయి. ఇంట్లో అసలైన పనితనం వెనక భాగంలో ఉంటుంది. ఆ ఇంట్లో లోపలి గది గోడకు మూడు తాఖ్‌లున్నాయి, చిన్న చిన్న కమానుల గూళ్లు. గచ్చు ఎంత నున్నగా ఉందంటే వేలు జారిపోతుంది. నడిమి గూట్లో కరెంటు రాకముందు పెట్టిన దీపం మసి, దానిమీద ఎన్నోసార్లు వేసిన సున్నం, ఆ సున్నం పెచ్చులూడి మళ్లీ కనిపిస్తున్న అదే మసి. ఆ అమ్మాయి గూళ్లోని మందుల డబ్బాలు తీసేయబోతే వద్దన్నాను. మందులతోనే తీశాను.

కప్పు గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచినది. మా ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో అయితే ఒక్క లైను రాసి ఊరుకునేదాన్ని. ఈసారి తల పైకెత్తి నిలబడ్డాను. ఒక గర్డరు నడుం మీద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఏమీ కనిపించదు, అంతా తెల్లగా కొడుతుంది. ఫ్లాష్ ఆపి, కోడలమ్మాయి ఫోన్‌లోని టార్చి గర్డరుకు పక్కనుంచి పట్టమన్నాను. వెలుగు ఏటవాలుగా పడేసరికి అక్షరాలు లేచి నిలబడ్డాయి. డోర్మన్ లాంగ్, ఇంగ్లాండ్. సిడ్నీ హార్బర్ మీద 1932లో పూర్తయిన ఆ పెద్ద వంతెన కట్టిన కంపెనీ ఇదే. శాలిబండలో మందుల డబ్బాల గది కప్పు కూడా వాళ్ల ఇనుము మీదే నిలబడింది. ఇది విని పెద్దాయన నవ్వాడు. “మా అబ్బాజాన్ చెప్పలే గదా,” అన్నాడు. ఆ ఇల్లు ఏ కాలంలో కట్టారో, ఏ సరుకు ఏ రేవులో దిగి ఇంతదూరం వచ్చిందో కూపీ లాగాలంటే ఆ ముద్ర చాలు. కూల్చాక గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి కిలోల లెక్కన పాత ఇనుప సామాన్లవాడు పట్టుకుపోతాడు. తలుపులు కలప అడితీకి. సున్నం ముక్కలు ఏదో ఒక చెరువులోకి.

ఇంకొకటి కూడా అక్కడే చూశాను. ఖాళీ చేయడానికి ముందు మల్గీ మీది ఫ్లెక్సీ బోర్డు పీకేశారు. దాని వెనకాల రేకు బోర్డు, ఆ రేకు కూడా తీసేస్తే గోడ మీదే చేత్తో రాసిన పాత పెయింటు. పెద్దక్షరాల్లో ఉర్దూ, కింద చిన్నక్షరాల్లో తెలుగు, మూలన ఒక బాకా బొమ్మ, చివర అయిదంకెల ఫోన్ నంబరు. మొబైల్ రిపేరు కొట్టు కాకముందు అది మర్ఫా (పెళ్లిళ్లలో వాయించే డప్పుల మేళం), బ్యాండు బుకింగ్ మల్గీ అట. పెళ్లిళ్ల సీజనులో బయట అరుగు మీద డప్పులు ఎండబెట్టేవారట. పెయింటు వేసినవాడు ఎడమ మూలలో సంతకం కూడా పెట్టుకున్నాడు. బోర్డులు పీకిన రోజుకూ జేసీబీ వచ్చే రోజుకూ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే ఇలాంటివి బయటపడతాయి. కాబట్టి ఫొటోలు రెండుసార్లు తీయాలి. మనుషులు కాపురం ఉండగా ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి. కూల్చేటప్పుడు మూడోసారి తీస్తే గోడ లోపలి పొరలు కూడా దొరుకుతాయి గానీ, అది ప్రమాదం, దూరంగా ఉండండి.

బ్యాండు మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. పాత వీధుల బొమ్మలు ఎక్కడున్నాయని అందరూ పురావస్తు శాఖ వైపు చూస్తారు. మీ ఇంటి బీరువాలో పెళ్లి ఆల్బం తీయండి. ఊరేగింపు ఫొటోలో పెళ్లికొడుకు మొహం కాకుండా వెనకాల చూడండి. పెట్రోమాక్స్ లైటు వెలుగులో కొట్ల బోర్డులు, మేడ మీద నిలబడి చూస్తున్న ఆడవాళ్లు, సినిమా పోస్టరు. ఆ పోస్టరు ఏ సినిమాదో తెలిస్తే ఫొటో తేదీ దాదాపు తెలిసినట్టే. ఫొటో స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ముందు గదిలో కెమెరా, వెనక డార్క్‌రూమ్‌తో నడిచిన స్టూడియోల్లో నలభై యాభై ఏళ్ల నెగటివ్‌లు అట్టపెట్టెల్లో ఉంటాయి. షాపు ఖాళీ చేసేటప్పుడు వాటిని చెత్తబండికి వేస్తున్నారు. మా పక్క వీధిలోనే జరిగింది, నేను వెళ్లేసరికి బండి మలుపు తిరిగింది.

సికింద్రాబాద్‌లో ఈ నెగటివ్‌ల కథ కొత్తది కాదు. రాజా దీన్ దయాళ్ 1886లో ఇక్కడే స్టూడియో పెట్టారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు. ఆయన తీసిన వాటిలో 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుక్కుంది. భద్రంగా ఉన్నాయి, సంతోషం. కానీ ఆయనను పిలిపించుకుని ఫొటోలు తీయించుకున్నవాళ్లు నవాబులు, దొరలు. ప్యాలెస్‌లు, దర్బారులు, వేటలు ఎక్కువ. బ్యాండు మల్గీ ముందు ఆయన స్టాండు పెట్టాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు అందరి చేతుల్లో కెమెరా ఉంది, పిలిచే నవాబుతో పని లేదు. అయినా మల్గీ వంతు రాలేదు.

ప్రభుత్వాలకు ఇది చేతకాదా అంటే, చేసిన రుజువుంది. నాగార్జునసాగర్ నీళ్లలో నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వారు. ప్రతి గోడా కొలిచారు, గీశారు, ఫొటోలు తీశారు, కొన్నిటిని ఊడదీసి కొండ మీద మళ్లీ నిలబెట్టారు. పదహారు వందల ఏళ్లనాటి ఇక్ష్వాకుల ఇటుకలకు ఆ మర్యాద దక్కింది. నాలాంటి డ్రాయింగు మనుషులు ఎంతమంది ఎండలో కూర్చుని ఆ నక్షలు గీశారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మరి 2021లో మల్లన్నసాగర్‌లోకి నీళ్లు వదిలినప్పుడు వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్ల వాకిళ్లు, గుళ్లు, చావడులు ఎవరు గీశారు? ఊరివాళ్లే ఫోన్లలో తీసుకున్నారు. ఆ ఫోన్లు ఇప్పటికి మారిపోయి ఉంటాయి. పోలవరం ముంపు ఊళ్లదీ ఇదే వరస. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని, అంటే నదీగర్భంలో ఉన్నవని గుర్తుగా రాశారు. చాదర్‌ఘాట్ దగ్గర రేకుల ఇంటిని ఎవరూ చారిత్రక కట్టడం అనరు, నేనూ అనను. అయినా ఆ బస్తీ వాళ్లు తమ వీధికి దారి చెప్పేది ఏ చాయ్ బండి గుర్తుతోనో, ఏ వేపచెట్టు గుర్తుతోనో. రంగు డబ్బా పట్టుకుని వెళ్లినవాళ్లు ఫోనూ పట్టుకునే వెళ్లారు కదా.

పాఠకులు ఎవరికి వాళ్లు చేయగలిగింది కూడా చాలా ఉంది. నేను చూసిన ఫొటోల్లో ఎక్కువ లోపం ఒకటే, అందరూ ఒక్క కట్టడానికి గురిపెడతారు. డ్రాయింగులో మేము వీధి ఎలివేషన్ గీసేటప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వరస మొత్తం గీస్తాం. ఫొటోలూ అలాగే తీయండి. ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి, ఒక ఫొటోలో కనిపించింది సగానికి పైగా పక్క ఫొటోలో కూడా పడేలా నాలుగడుగులకొకటి తీసుకుంటూ పోండి. అలా తీసినవాటిని కంప్యూటర్‌లో పేర్చి గోడ మొత్తాన్ని త్రీడీలో నిలబెట్టవచ్చని మా మనవడు చేసి చూపించాడు. అందుకే ర్యాంజింగ్ రాడ్ లాంటి కొలత ఒకటి ఫ్రేములో ఉండాలంటాను. కర్ర లేకపోతే స్కూలు పిల్లల అడుగు స్కేలైనా ఆనించండి. సందు ఇరుకైతే వైడ్ లెన్సు పెట్టకండి, స్తంభాలు వంగిపోతాయి. ఎండ తీవ్రంగా ఉన్న రోజున సన్న సందుల్లో సగం గోడ తెల్లగా, సగం నల్లగా వస్తుంది. మబ్బు పట్టిన రోజు మేలు.

వాట్సాప్‌లో పంపితే ఫొటో చిక్కిపోతుంది, దాంతో పాటు లోపల దాగి ఉండే తేదీ, చోటు వివరాలూ ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా మెమొరీ కార్డు ఇవ్వండి. పాత ఇంటి నంబరు పలక తప్పకుండా తీయండి. వార్డు, బ్లాకు అంకెలతో ఉండే ఆ నంబరే రేపు రిజిస్ట్రేషన్ కాగితాలతో కలపడానికి పనికొస్తుంది. ఇంట్లోకి వెళ్లాలంటే అడిగి వెళ్లండి. బయట నుంచి భవనాన్ని తీయడానికి, ఆ ఫొటో ప్రచురించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అడ్డు చెప్పదు. వాచ్‌మన్ చెబుతాడు, అది వేరే సంగతి. ఒక ఆఫీసు ముందు నన్ను అరగంట నిలబెట్టారు, ఆ గేటు స్తంభం మీది సింహం బొమ్మలు ఏ రహస్యం దాచుకున్నాయో నాకైతే తెలియలేదు. కంటోన్మెంటులో మాత్రం ఆర్మీ స్థలాల వైపు కెమెరా తిప్పకండి, అక్కడ చట్టం నిజంగానే గట్టిది.

ఇవన్నీ ఎక్కడ దాచాలి అంటే, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. ఉర్దూ, తెలుగు, పారశీ పుస్తకాలతో పాటు ఈ నగరం ఫొటోలకూ అక్కడ ఒక గది ఉంటే ఎవరు కాదంటారు? జిల్లాల్లో అయితే జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. మనం కట్టే ఆస్తిపన్నులోనే గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ డబ్బులో కొంచెం హార్డ్ డిస్కులకు, ఒక క్యాటలాగు మనిషికి పెట్టినా చాలు.

మీ పత్రికకు ఒక విన్నపం. మీ ఆఫీసులో కూడా రీళ్ల కాలం నాటి నెగటివ్‌లు ఉండే ఉంటాయి. మీ ఫొటోగ్రాఫర్లు వరదలు, ఊరేగింపులు, ఎన్నికల ర్యాలీలు తీశారు. నాయకుడి చెయ్యి కనిపించేలా కత్తిరించి అచ్చు వేశారు. కత్తిరించగా పోయిన ముక్కలోనే మాకు కావాల్సిన వీధి ఉంటుంది. అవి బయటికి తీసి స్కాన్ చేయిస్తే, తేదీలు సరిచూసి క్యాప్షన్లు రాయడానికి నాలాంటి రిటైరైనవాళ్లం ఊరికే వచ్చి కూర్చుంటాం. మాకు వీధులు కొలతలతో సహా గుర్తుంటాయి.

ఇది మొదలుపెట్టడానికి చోటు కూడా సిద్ధంగా ఉంది. ప్యారడైజ్ నుంచి తాడ్‌బండ్, బోయిన్‌పల్లి మీదుగా డెయిరీ ఫామ్ రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. శామీర్‌పేట వైపు ఇంకొకటి. ఈ రెండు దారుల్లోనూ ఆస్తులు పోతాయి, కొలతలు తీయక తప్పదు. ఆ బృందాలతో కెమెరా మనిషిని పంపమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వాళ్లు పంపేలోపు, ఆ వైపు ఉండే పాఠకులు ఒక ఆదివారం వెచ్చించండి. ఆ రోడ్డుకు పడమర పక్క వరసకు ఉదయం ఎనిమిదిన్నర లోపు మంచి వెలుగు పడుతుంది. తూర్పు పక్క వరసకు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లాలి. మధ్యాహ్నం వెళ్తే బోర్డులు కూడా చదవడానికి రావు, పైగా ట్రాఫిక్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ (టౌన్ ప్లానింగ్),
పద్మారావునగర్, సికింద్రాబాద్